మూత మీద పేర్లు

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు, భిన్నాలను కూడేటప్పుడు కింది అంకెల్ని సమానం చేసే చోట, ల్యాప్‌టాప్ తెర మీది పిల్ల నోరు తెరిచి అట్లాగే ఆగిపోయింది. స్రవంతి చేతిలోని కలం కూడా గాల్లోనే ఆగింది. పిల్ల ముక్కు మీద చిన్న గుండ్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది.

"అక్షితా, వినిపిస్తోందా? అక్షితా!"

వినిపించలేదు. స్రవంతి చెవుల్లోని ఇయర్‌ఫోన్లు పీకేసి, హాల్లో కిటికీ పక్కన గోడకు బిగించిన వైఫై బాక్సు దగ్గరికి పరుగెత్తింది. దాని మీద నాలుగు పచ్చదీపాలు ఏ చీకూ చింతా లేకుండా వెలుగుతున్నాయి. ఆమె తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. తెల్లటి తెర మీద, ఆన్‌లైన్ పాఠాలు చెప్పించే కంపెనీవాళ్ళ రెండు వాక్యాలు ఉన్నాయి. మీ క్లాసు మధ్యలో ముగిసింది. ఈ నెలలో ఇది రెండవది.

మూడవది కూడా అయితే ఉద్యోగం లేదు. ఒక నెల చూసి తీసుకుంటామని ముందే చెప్పారు. ఆ నెలలో ఇంకా పదకొండు రోజులున్నాయి.

కింద ఇంటి ఓనరు చంద్రకాంతమ్మ గారు యాత్రికులకు అద్దెకిచ్చే మూడు రూముల్లోనూ జనం దిగినట్టున్నారు. బకెట్ల చప్పుడు, ఎవరో పసివాడి ఏడుపు, తమిళంలో వాణ్ణి బుజ్జగింపులు. శుక్రవారం నాడు అమ్మవారి గుడికి దగ్గర్లో ఉన్న ఏ ఇంట్లోనైనా అదే సందడి. పెళ్ళయి డెబ్భై రోజులైంది, ఈ మేడ మీదికి కాపురానికొచ్చి నలభై. ఆ సందడి వింటూ పప్పుకు తాళింపు వేసుకోవడం స్రవంతికి ఇప్పటికీ ఏదో తిరునాళ్ళలో కాపురం ఉన్నట్టు ముచ్చటగా ఉంటుంది. ఇవాళ మాత్రం ఆవాలు మాడిపోయాయి.

నవీన్ రేణిగుంట ఫ్యాక్టరీ నుంచి ఏడింటికి వచ్చాడు. చేతిలో అరటాకులో చుట్టిన మల్లెపూలు ఉన్నాయి.

"ఏం టీచరమ్మా, మొగం అట్ల వాడిపోయిండాది? పూలు తెచ్చింది నేను కదా, అవి వాడల్యా."

ఆమె చెప్పింది. అతను చొక్కా అయినా మార్చుకోకుండా మంచం అంచున కూర్చుని ఫోను తీశాడు. ఇంట్లో నెట్టు ఎవరెవరు వాడుతున్నారో చూపించే చోటు ఒకటుంది. ఇద్దరూ తలలు ఆనించి చూశారు. టీవీ ఉంది. అతని ఫోను, ఆమె ఫోను, ఆమె ల్యాప్‌టాప్ ఉన్నాయి. వాటి కింద అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి తోకలు ఏడెనిమిది. వాటి మధ్యలో మనిషి పేరు ఒకే ఒక్కటి ఉంది.

Ruth.

"మన రూతక్కా?" అంది స్రవంతి.

రూతు కింద రూములు ఊడ్చి, దుప్పట్లు ఉతికే మనిషి. మేడ మీద ఆరేసే దుప్పటిని రెండు మూలలు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే ఫట్టుమని మోగి, ముడతలన్నీ పారిపోయేవి. ఆ విదిలింపు నేర్పమని స్రవంతి వెంటపడి నేర్చుకుంది కూడా.

"పాస్‌వర్డ్ మార్చేస్తే పాయ. రెండు నిమిషాల పని," అన్నాడు నవీన్.

"వద్దు."

"ఎందుకు?"

ఎందుకో చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. ఆ నెట్టు పేరు వాళ్ళిద్దరి పేర్లే. పాస్‌వర్డు ఆ పేర్లే, చివర పెళ్ళి తేదీ. కొత్త ఫోనుకో టీవీకో దాన్ని కొట్టాల్సి వచ్చినప్పుడల్లా ఒక్కో అక్షరం దగ్గరా ఆమెకు లోపల ఏదో గిలిగింత. ఆ తేదీ కొడితేనే తలుపు తెరుచుకునే చోటు లోకంలో ఇంకొకటి లేదు.

"ఎవురో దూరినారని మన తేదీ ఎందుకప్పా మార్చాల? దూరినోళ్ళని పొమ్మంటే సరిపోదా?"

"పేరూ, తేదీ పెట్టుకునేది పాస్‌వర్డా? మా ఫ్యాక్టరీలో చెప్తే పొట్ట పట్టుకుని నవ్వుతారు." అంటూనే అతను కుర్చీ ఎక్కి, బాక్సును గోడ మీంచి ఊడదీశాడు. వైరు వేసినతను మిగిలిన వైరును మేకుకు పెద్ద చుట్టగా చుట్టి వదిలి పోయాడు. అది విప్పుకుంటూ బాక్సును లోపలి గదిలోకి తీసుకుపోయి బీరువా మీద పెట్టాడు. "కిటికీకాడ పెడితే సగం సిగ్నలు వీధి పాలు. దీన్ని ఎంత లోపల పెడితే అంత భద్రం. తెలిసిందా, టీచరమ్మా?"

మల్లెపూలు తలలో పెట్టుకుని ఆమె నవ్వింది. రేపు రూతక్కను పక్కకు పిలిచి మెల్లగా అడిగితే తీరిపోతుంది అనుకుంది.

పక్కకు పిలవడం కుదరలేదు. శనివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే, మెట్ల పక్కన కత్తిపీట ముందు కూర్చుని కొబ్బరి తురుముతున్న చంద్రకాంతమ్మ తలెత్తింది.

"ఏం మా, నిన్న పైన ఏందో కేకలేస్తా ఉంటివి?"

"నెట్టు తెగిపోయిందండీ. క్లాసు పోయింది. మా నెట్టు ఎవరో వాడుకుంటా ఉండారంట."

చంద్రకాంతమ్మ చేతిలో కొబ్బరిచిప్ప ఆగింది. "ఎవురో అంటే?"

చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఎవరైనా అడిగితే నోట్లో మాట దాచుకోవడం స్రవంతికి చిన్నప్పటినుంచీ చేతకాదు. "రూతక్క ఫోను పేరు ఒకటి కనిపించిందండీ. ఊరికే అడుగుదామని…"

చంద్రకాంతమ్మ కొబ్బరిచిప్ప దింపింది. చేతులు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం కొంచెం ఎక్కువసేపు సాగింది. ఆ తర్వాత లేచిన గొంతు వీధి చివరి దాకా వినిపించింది.

"రూతూ! ఏయ్ రూతూ! దుప్పట్లు ఆడపెట్టి ఇట్ల దిగిరా!"

రూతు తడి చేతులతోనే దిగి వచ్చింది. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎండకు కాగిన మొహం. నోట్లో బ్రష్షులతో ఇద్దరు యాత్రికులు వాకిట్లోకి వచ్చారు. ఎదురింటి అరుగు మీద పూలు కట్టే పోలేరమ్మ దారం పళ్ళ మధ్య పట్టుకుని చూస్తోంది.

"నీ ఫోను సూపీ."

రూతు రొండిన దోపుకున్న ఫోను తీసి ఇచ్చింది. చంద్రకాంతమ్మ దాన్ని స్రవంతి చేతిలో పెట్టింది. తెర పైన విసనకర్ర లాంటి గుర్తు నిండుగా ఉంది. నొక్కితే కింద స్రవంతి, నవీన్‌ల పేర్లు కనిపించాయి.

"వాళ్ళ నెట్టు నీ ఫోన్లోకి ఎట్లొచ్చిందే?"

రూతు చంద్రకాంతమ్మ మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"మీరా అమ్మా, నన్ను అడగతా ఉండేది?"

"నేను గాక ఇంకెవురు అడగాల?"

"దిగినోళ్ళ ఆధార్ కార్డులు ఫోటో తీసి పంపమంటిరి గదా…"

"కార్డుల మాట ఇప్పుడెందుకు? అడిగిందానికి చెప్పు!"

రూతు స్రవంతి వైపు తిరిగింది. "మా, దాంట్లో యాడ నొక్కాలో గూడా నాకు తెలీదు. పెట్టిచ్చినోళ్ళని అడుగు నువ్వు."

ఎవరు పెట్టించారు అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. ఆ మాట స్రవంతి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తొమ్మిదింటికి క్లాసు ఉంది, ఫోనులో ఎనిమిదీ నలభై అయింది, అందరూ తననే చూస్తున్నారు, ఇది తొందరగా ముగిసిపోతే బాగుండునని ఉంది. ఆమె ఫోను రూతు చేతికి తిరిగి ఇచ్చేసింది.

"ఈ పొద్దు నెట్టులో దూరినోళ్ళు రేపు బ్యాగుల్లో దూరరని ఏం నమ్మకం?" చంద్రకాంతమ్మ యాత్రికుల వైపు తిరిగి అంది. "యాడాడినుంచో నమ్మి వచ్చి దిగతారు మా ఇంట్లో. నువ్వు ఇంక రావద్దు రూతూ. పో."

"అంత మాట ఎందుకండీ," అంది స్రవంతి. ఆ మాట ఆమెకే సరిగ్గా వినిపించలేదు.

రూతు వెనక్కి తిరిగింది. మేడ మీదికి వెళ్ళింది. మిగిలిన నాలుగు దుప్పట్లను ఒక్కోటీ విదిలించి ఆరేసింది. ఆ ఫట్టు, ఫట్టుమనే చప్పుళ్ళు నాలుగూ కింద అందరికీ వినిపించాయి. ఖాళీ బకెట్టు బోర్లించి, చెప్పులేసుకుని, గేటు శబ్దం కాకుండా మూసుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిది గంటల క్లాసు తెగలేదు. కానీ అక్షిత రెండుసార్లు, "మిస్, మీ గొంతు రోబో లాగ వస్తా ఉంది," అంది.

ఆదివారం పొద్దున ఇంకా అన్యాయం. తెర మీద పిల్ల పెదాలు ఒక దారి, మాటలు ఇంకో దారి. స్రవంతి వీడియో ఆపేసి, ఉత్త గొంతుతోనే పాఠం ముగించి, చెమట తుడుచుకుంది. రూతు వెళ్ళిపోయింది కదా, మరి ఎందుకిట్లా? ఆ ప్రశ్న ఆమెకు నచ్చలేదు. కాఫీ కలుపుకుంటూ దాన్ని పక్కకు నెట్టింది. అది కాఫీతోపాటే మళ్ళీ వచ్చి కూర్చుంది.

పదకొండింటికి చంద్రకాంతమ్మ పట్టుచీర కట్టుకుని మెట్ల కింది నుంచే పిలిచింది. "మా! చంద్రగిరిలో మా వాళ్ళ పెండ్లి ఉండాది. రెండో రూముకు వేలూరోళ్ళు వస్తారు, తాళం ఇచ్చి గీజరు స్విచ్చి సూపీ. మనిషి లేక ఛస్తా ఉండా!" మనిషి ఎందుకు లేదో ఇద్దరికీ తెలుసు.

వేలూరు వాళ్ళు ముగ్గురు వచ్చారు. తల్లి, తండ్రి, కాలేజీ చదివే కూతురు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వాళ్ళే. స్రవంతి తాళం తీసి, ఫ్యాను వేసి, గీజరు స్విచ్చి చూపించి వెనక్కి తిరిగింది. ఆ పిల్ల అప్పటికే అద్దం ముందు బల్ల దగ్గర నిలబడి, ఒక చేత్తో ఏదో మూత పట్టుకుని, రెండో చేత్తో ఫోను మీద ఒక్కో అక్షరం కొడుతోంది.

"ఇదే గదా అక్కా వైఫై? ఆంటీ ఫోన్లోనే చెప్పింది, బల్ల మీది డబ్బా మూత సూసి కొట్టమని. మధ్యలో ఖాళీ లేకుండా అంట."

స్రవంతి ఆ పిల్ల చేతిలోంచి మూత తీసుకుంది.

చుట్టూ పూలతీగ. మధ్యలో ఇంగ్లీషులో ఆమె పేరు, అతని పేరు. కింద తేదీ. పెళ్ళికి వచ్చినవాళ్ళకు తాంబూలంతో పాటు ఇచ్చిన స్టీలు డబ్బా. మిగిలినవి ఒక గోనెసంచెడు ఉంటే కాపురానికి తెచ్చుకుంది. పాలు పొంగించిన రోజున సున్నుండలు పెట్టి చంద్రకాంతమ్మకు ఒకటి, రూతుకు ఒకటి, ఎదురింటి పోలేరమ్మకు ఒకటి ఇచ్చింది. "ఇంకో రెండుంటే ఇయ్యి మా, ఎంత ముద్దుగా ఉండాయో," అని చంద్రకాంతమ్మ అడిగితే సంతోషం పట్టలేక మెట్లన్నీ పరుగున ఎక్కి తెచ్చి ఇచ్చింది. ఆ మర్నాడే వైఫై పెట్టినతను, పేరేం పెట్టాలి మేడం, పాస్‌వర్డేం పెట్టాలి అని అడిగాడు. ఆమె సంచిలోంచి ఒక డబ్బా తీసి మూత అతని ముందు పట్టుకుంది. ఇది చూసి కొట్టండి అంది. నవీన్ ఆ రోజు ఎంత నవ్వాడో.

"అక్కా, కనెక్టయింది," అంది వేలూరు పిల్ల. "మీరేనా ఈ స్రవంతి? పేరు శానా బాగుండాది."

ఒకటో రూము వాళ్ళు గుడికి వెళుతూ తలుపు దగ్గరగా వేసి పోయారు. సందులోంచి చూస్తే అద్దానికి ఆనించిన మూత తళుక్కుమంది. మూడో రూములో కూడా ఉంటుందని చూడకుండానే తెలిసిపోయింది. మూడు రూములు, మూడు డబ్బాలు.

సాయంత్రం చంద్రకాంతమ్మ ఆటో దిగి, పెళ్ళిలో ఇచ్చిన టెంకాయ సంచి అరుగు మీద పెట్టేదాకా స్రవంతి మెట్ల మీదే కూర్చుని ఉంది. మూత ఒళ్ళో ఉంది. అది చూడగానే చంద్రకాంతమ్మకు అర్థమైంది. తడబడలేదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుని పక్క మెట్టు మీద కూర్చుంది.

"ఏందట్ల సూస్తావు? దొంగతనం చేసినానా నేను? మొదుట ఎవురో బెంగళూరు అబ్బాయి దిగినాడు. ఫోన్లో మీ పేరు కనపడె. బల్ల మీద డబ్బా మూతలో అదే పేరు కనపడె. ఊరికే కొట్టి సూసినాడు, తెరుసుకునె. మీరే చెక్కిచ్చి, మీరే ఇంటింటికీ పంచి పెట్టినారు. నేను తాళం పగలగొట్టినానా?"

"రూతక్క ఫోన్లో…"

"నేనే పెట్టిచ్చినా. కార్డులు ఫోటో తీసి పంపాలంటే దాని ఫోన్లో నెట్టు యాడుంటాది?"

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు మీరు?"

చంద్రకాంతమ్మ అరుగు మీది సంచి దగ్గరికి లాక్కుంది. టెంకాయ పీచు ఒక పోగు లాగి, వేలికి చుట్టి, విప్పింది.

"గెస్టులు నిలబడి సూస్తా ఉండారు. వాళ్ళ ముందర, నేనే ఇంకొకరి నెట్టు ఇస్తా ఉండానని చెప్పమంటావా?" గొంతు తగ్గించింది. "అయినా పేరు తెచ్చింది ఎవురు మా? నేను అడిగినానా రూతు పేరు? నువ్వే గదా తెస్తివి."

ఆ మాట స్రవంతిని మెట్లు ఎక్కేటప్పుడు, అన్నం వండేటప్పుడు, నవీన్‌కు అంతా చెప్పేటప్పుడు కూడా వదల్లేదు.

"పాస్‌వర్డ్ మార్చేద్దాం, ఇంతటితో వదిలెయ్," అన్నాడు నవీన్. "ఆమెతో పెట్టుకుంటే ఇల్లు ఖాళీ చెయ్యమంటాది. ఫ్యాక్టరీ బస్సు వీధి చివరికొచ్చే ఇల్లు మళ్ళీ యాడ దొరకతాది?"

"రూతక్క?"

"సారీ చెప్పు. ఇంకేం చేస్తాం?"

కంచాల ముందు ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు. డెబ్భై రెండు రోజుల్లో అట్లా తినడం అదే మొదటిసారి.

సోమవారం మధ్యాహ్నం స్రవంతి రూతు ఇంటికి బయలుదేరింది. వట్టి చేతులతో ఎట్లా అని రవ్వలడ్లు చేసి డబ్బాలో సర్దింది. మూత పెట్టాక దాని మీది పేర్లు చూసి, లడ్లు మళ్ళీ గిన్నెలోకి వంచేసి, వట్టి చేతులతోనే వెళ్ళింది.

చర్చి వెనక వీధిలో రేకుల ఇల్లు. రూతు గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చాటలో బియ్యాన్ని వేళ్ళతో వెనక్కి తోసుకుంటూ, తలెత్తి చూసి, పక్కనున్న స్టూలు జరిపింది. స్రవంతి కూర్చోకుండానే అంతా చెప్పేసింది. మూతలు, బెంగళూరు అబ్బాయి, చంద్రకాంతమ్మ ఒప్పుకోవడం, తాను అడగకుండా మింగేసిన ఆ ఒక్క మాట.

"తప్పు నాదే అక్కా. నువ్వు చెప్తా ఉన్నా నేను వినలా."

రూతు చాట ఒకసారి చెరిగింది.

"సరే మా."

"అక్కా, కోపంగా ఉంటే తిట్టు."

"తిట్టి ఏం జేసేది?" ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "మీ వీధిలో నాలుగిండ్లల్లో రూములు కడగతా ఉంటి. నిన్న చివరింటోళ్ళు రావద్దన్యారు. ఈ పొద్దు ఆ పక్కనోళ్ళు గూడా. నెట్టులో దూరిందంట, రేపు బ్యాగుల్లో దూరదా అని. చంద్రకాంతమ్మ మాట అట్లే అక్షరం పొల్లుపోకుండా అన్యారు."

"నేను పోయి చెప్తా వాళ్ళకి."

"ఎంతమందికని చెప్తావు? పోలేరమ్మ పూలతో పాటు ఆ మాట గూడా మూర లెక్కన అమ్మేసి ఉంటాది." రూతు నవ్వలేదు. "నువ్వు నన్నన్నింది నలుగురి ముందర. ఇప్పుడు ఒక్కదానివే వచ్చి నా చెవిలో చెప్తే నాకేమొస్తాది మా? నేను తియ్యలేదని నాకు తెలుసు గదా."

స్రవంతి స్టూలు మీద కూర్చుంది. రూతు లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె తాగింది. చెంబు తిరిగి ఇచ్చి లేచింది.

ఆ సాయంత్రం నవీన్ రాకముందే ఫోను తీసుకుని లోపలి గదిలో కూర్చుంది. పాస్‌వర్డు మార్చే చోటికి వెళ్ళింది. వాళ్ళిద్దరి పేర్లూ, తేదీ వెనకనుంచి ఒక్కో అంకె, ఒక్కో అక్షరం చెరిపింది. మనసు గుంజింది. మొన్న శుక్రవారమే ఈ పని చేసి ఉంటే రూతు ఈపాటికి మేడ మీద దుప్పట్లు మడత పెడుతూ ఉండేది. తేదీ చెరపడం ఇష్టం లేక మనిషిని చెరిపేసింది. పాత పాస్‌వర్డు చోట ఎవరూ ఊహించలేనిది పెట్టింది. కాపురానికొచ్చిన మొదటి రోజు తాను ఉప్పు బదులు చక్కెర వేసి చేసిన చారు, దానికి నవీన్ పెట్టిన పేరు, అతను తాగిన గ్లాసుల లెక్క. ఆ సంగతి ఏ స్టీలు మీదా లేదు.

దాని పైన ఇంకో గడి ఉంది. నెట్టు పేరు. ఈ వీధిలో ఎవరు ఫోను తెరిచినా ముందుగా కనిపించేది అదే. పాస్‌వర్డు తెలియనివాళ్ళకు కూడా కనిపిస్తుంది. వాకిట్లో నలుగురి ముందు నిలబడి చెప్పినట్టే.

ఆమె వేలు ఆగింది. ఇల్లు, ఫ్యాక్టరీ బస్సు, రాత్రి మాట్లాడకుండా తిన్న అన్నం గుర్తొచ్చాయి. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు మూడు కొట్టింది.

రూతు ఏమీ తియ్యలేదు.

వైఫై బాక్సు మీద దీపాలన్నీ ఒకసారి ఆరి, ఒక్కోటిగా వెలిగాయి.

మంగళ, బుధవారాలు రూములు ఖాళీగా ఉన్నాయి. పాఠాలు గంగాళంలో నీళ్ళలా నిలకడగా సాగాయి. నవీన్ కొత్త పేరు చూసి కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు గానీ, "తీసెయ్" అనలేదు. గురువారం చంద్రకాంతమ్మ కొత్త పాస్‌వర్డు అడిగింది. "ఈసారి మూత మీద చెక్కిచ్చలేదండీ," అంది స్రవంతి. అంత మాట తానే అన్నదా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

శుక్రవారం మూడు రూములూ నిండాయి. ఐదున్నరకు అక్షిత కింది అంకెల్ని సమానం చేసి, పైవి కూడి, జవాబు కూడా చెప్పేసింది. స్రవంతి శభాష్ అని ల్యాప్‌టాప్ మూసి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కింద ఎవరో మగమనిషి అడుగుతున్నాడు.

"అమ్మా, వైఫై ఉందన్నారు కదా. ఈడ ఏదో రూతు ఏమీ తియ్యలేదు అని వస్తా ఉండాది. ఎవరీ రూతు?"

"నాకేం తెలుసు నాయనా. ఎవురో పనిలేనోళ్ళు పెట్టింటారు," అంది చంద్రకాంతమ్మ.

అరగంటకు తమిళం కలిసిన తెలుగులో ఒకావిడ వచ్చి అడిగింది. ఆవిడకు జవాబు కొంచెం మారింది. "మాకాడ పనిచేసే మనిషి లేమ్మా. ఇప్పుడు లేదు."

"ఏం పోయింది మరి? నగలా?"

"నగలూ లేదు, గిగలూ లేదు!"

శనివారం పొద్దున మూడో రూము వాళ్ళు. ఈసారి చంద్రకాంతమ్మ చేతిలో చీపురు, మోకాలి నొప్పితో గొంతులో మూలుగు. "ఏమీ పోలేదు సామీ, ఏమీ పోలేదు. ఆమె మంచి మనిషే. ఏదో మాటామాటా వచ్చింది."

ఎదురుగా పోలేరమ్మ దారం పళ్ళ మధ్యనుంచి తీసేసి మరీ వింటోంది.

మధ్యాహ్నం చంద్రకాంతమ్మ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి రొప్పింది. "తీసెయ్ మా దాన్ని. వచ్చినోళ్ళందరికీ జవాబు చెప్పలేక ఛస్తా ఉండా."

"ఆ చివరింటోళ్ళదాకా పోయింది మీ మాటే కదండీ, బ్యాగుల మాట. ఇప్పుడు మూడో రూమోళ్ళకు చెప్పినట్టే వాళ్ళకూ చెప్పండి. తీసేస్తా."

"ఇల్లు నాదని గుర్తుండాదా నీకు?"

"ఉండాదండీ."

"నెలాఖరుదాకా సూస్తా," అంటూ చంద్రకాంతమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

ఆదివారం సాయంత్రం, ఎండ ఇంకా గోడల మీదే ఉండగా, గేటు చప్పుడు కాకుండా తెరుచుకుంది. రూతు మేడ మీదికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఫోను చాచింది.

"పోలేరమ్మ చెప్పింది. నా పేరు యాడుండాది మా? నాకు ఇంగ్లీషు రాదు."

స్రవంతి చూపించింది. రూతు తన పేరు కింద గోటితో ఒక గీత గీసినట్టు జరిపి, మొదటి అక్షరం దగ్గర ఆపి, దాని వంపు చూసుకుంది.

"దీనెనక ఉండేది?"

"ఏమీ తియ్యలేదు అని ఉండాది అక్కా."

రూతు తల ఊపింది. ఫోను రొండిన దోపుకోలేదు. "ఈడికొస్తే కనపడతా ఉండాది. వచ్చేటప్పుడు ఆ చివరింటికాడ నిలబడి ఒకర్ని సూడమంటి, ల్యా అన్యారు. రావద్దన్నింది వాళ్ళే గదా."

స్రవంతి వెనక్కి తిరిగి నవీన్ వైపు చూసింది. అతను సెలవు రోజు లుంగీలో, చేతిలో కాఫీ గ్లాసుతో లోపలి గది గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి గ్లాసు కింద పెట్టి, కుర్చీ ఎక్కి, బీరువా మీంచి వైఫై బాక్సును దింపాడు.

"వైరు చుట్ట విప్పు," అన్నాడు. "ఎంత లోపల పెడితే అంత భద్రమని చెప్పింది నేనే గదా, టీచరమ్మా."

ఆమె విప్పుతూ పోయింది. హాలు దాటింది, కిటికీ దాటింది, బాల్కనీకి చేరింది. వైరు సరిగ్గా పిట్టగోడ దాకా వచ్చింది. కరెంటుకు వంటింట్లోంచి ఎక్స్‌టెన్షను లాగారు. తులసి కుండీ పక్కన బాక్సును నిలబెడితే గాలికి ఊగింది. నవీన్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. దీపాలు ఒక్కోటీ పచ్చబడ్డాయి.

రూతు అప్పటికే వీధిలో ఉంది. ఫోను ముందుకు చాపి పట్టుకుని, దీపం ఆరకుండా తీసుకుపోతున్నట్టు మెల్లగా నడుస్తోంది. పోలేరమ్మ అరుగు దాటింది. రెండో ఇల్లు, మూడో ఇల్లు దాటింది. వాకిట్లో గిన్నెలు తోముతున్న చంద్రకాంతమ్మ తల వంచుకునే ఉంది, కానీ చేతిలోని పీచు కదలడం లేదు. చివరింటి గేటు ముందు రూతు ఆగింది. ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. ఇవాళే నేర్చుకున్న ఆ ఒక్క అక్షరం కోసం వెతుకుతోంది.

"ఇంకొంచెం ఎత్తు," అంది స్రవంతి.

నవీన్ చేతులు చాపి బాక్సును తల మీదికి ఎత్తాడు. వీధి చివర రూతు ఇటు తిరిగింది. తర్వాత చెయ్యి పైకెత్తింది.